షోర్ అంటే ఒడ్డు

తడిగుడ్డతో అత్తగారి మెడ వెనక తుడిచి, గుడ్డను మడత తిప్పి చెవుల వెనక తుడుస్తోంది ఆమె. ముసలావిడ తల ఒక పక్కకి వాలిపోకుండా ఎడమ అరచెయ్యి ఆనించి పట్టుకుంది. తల పెద్ద బరువు లేదు. జుట్టు పలచబడి, మాడు మీద చర్మం పసిపిల్ల మాడులా గులాబీ రంగులో కనిపిస్తోంది. ముక్కు మాత్రం అలాగే ఉంది, వంపు తిరిగి, ఎవరినో మందలించబోతున్నట్టు.

"ఇవాళ వాడు వస్తాడా?" అంది ముసలావిడ పోర్చుగీసులో. ఆవిడకు వచ్చిన భాష అదొక్కటే.

"ఎవరత్తయ్యా?"

"ఎవరేమిటి? నీ మొగుడు."

ఆమె మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. ఊపిరితిత్తుల్లో సిమెంటు దుమ్ము పేరుకుపోయి, ఒక చలికాలమంతా దగ్గి దగ్గి పోయాడు. అత్తగారికి మతి తప్పడం మొదలైన కొత్తలో ఇలా అడిగితే నిజమే చెప్పేది. చెప్పినప్పుడల్లా ముసలావిడ ఆ కబురు అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకుని ఏడ్చేది. ఒక మనిషి చావుకి ఒక తల్లి ఎన్నిసార్లు ఏడవాలి? అందుకని చెప్పడం మానేసింది.

"సైటులో ఉన్నాడత్తయ్యా. సాయంత్రం వస్తాడు."

"తిని వెళ్ళాడా?"

"తినే వెళ్ళాడు."

ముసలావిడ తృప్తిగా కళ్ళు మూసుకుంది. కోడలు ఆవిడకి ఉతికిన గౌను తొడిగింది. చేతులు ఒక్కొక్కటే గౌను చేతుల్లోకి దూర్చి, వీపు వైపు ముడతలు లేకుండా లాగి, గుండీలు పెట్టింది. ముడత ఉంటే మధ్యాహ్నానికి చర్మం మీద ఎర్రటి చార పడుతుంది. ఇదివరకు ఒకసారి పడింది. అది మానడానికి చాలా రోజులు పట్టింది.

తలుపు తోసుకుని పక్కింటి దర్జీ ఆవిడ వచ్చింది, చంకలో కుట్టుపని మూటతో. ఆవిడ మనిషి బొద్దుగా, మాట గలగలమంటూ ఉంటుంది. ఈవిడ పనికి వెళ్ళినప్పుడు మంచం పక్కనే కుర్చీ వేసుకుని చొక్కాలకి కాజాలు కుడుతూ కూర్చుంటుంది. పోర్చుగీసులో ఒక్క ముక్క కూడా రాదు.

"ఎలా ఉంది పెద్దావిడ?"

"నిన్నటి కంటే నయమే. నీతో ఏదైనా చెబితే ఊఁ కొట్టు వదినా, అర్థం కాకపోయినా."

"అదెంత పని! మా ఆయనకి ఇరవై ఏళ్ళుగా ఊఁ కొట్టడం లేదూ?" అంది దర్జీ ఆవిడ దారం కొరుకుతూ.

ఆమె నవ్వి, చెప్పులేసుకుని బయటపడింది.

కడుతున్న భవనం రెండు వీధుల అవతలే. దారంతా ఇసుక లారీలు జారవిడిచిన ఇసుక గీతలు. గేటు దగ్గర కాపలావాడు నల్లకుక్కతో ఏదో వాదిస్తున్నాడు. లోపల రేకుల షెడ్డులో ఆమె బల్ల. ఒక పక్క కిటికీలోంచి ఆఫీసు కాగితాలు వస్తాయి, ఇంగ్లీషులో. రెండో కిటికీ అవతల పనివాళ్ళు. వాళ్ళలో చాలామందికి పోర్చుగీసు తప్ప మరో భాష రాదు. ఈ కిటికీ మాటని ఆ కిటికీకి అందించడమే ఆమె పని. రికార్డుల్లో ఆ ఉద్యోగానికి ఏదో పొడుగాటి పేరుంది. సైటులో అందరూ ఆమెని దుబాసమ్మ అంటారు.

పోర్చుగీసు ఆమె చదువుకుని నేర్చుకున్న భాష కాదు. వయసులో ఉన్నప్పుడు ఆమె ఇలాంటి సైటులోనే సిమెంటు బస్తాల గోదాం చూసేది. బడిలో వచ్చిన ఇంగ్లీషు కొంచెం ఉండేది. ఇటుకలు పేర్చే ఒక పొడుగాటి మనిషి రోజూ బస్తా కోసం వచ్చి, తీసుకోకుండా వెళ్ళిపోయేవాడు. మళ్ళీ వచ్చేవాడు. అడగడానికి అతనికి పోర్చుగీసు తప్ప మాట రాదు, ఇవ్వడానికి ఆమెకి అర్థం కాదు. అలా అర్థం కాకుండానే పెళ్ళయింది. పెళ్ళయ్యాక భోజనాల బల్ల మీద నేర్పాడు మాటలన్నీ. అగ్గిపెట్టెలు నిలువుగా నిలబెట్టి, వాటి మీద రొట్టెముక్క పరిచేవాడు. రొట్టె శ్లాబు. అగ్గిపెట్టెలు దాని కింది ఊతలు. "ఎస్కోరా," అనేవాడు ఒక్కో పెట్టెనీ వేలితో తాకుతూ. "అను." ఆమె అనేది. "శ్లాబు పచ్చిగా ఉండగా ఇది లాగామనుకో..." అని ఒక పెట్టె లాగేవాడు. రొట్టె పక్కకి ఒరిగి పులుసులో పడేది. ఇద్దరూ నవ్వేవాళ్ళు. అత్తగారు మాత్రం నవ్వేది కాదు. "తిండితో ఆటలేమిటి?" అనేది. కోడలి ఉచ్చారణ వింటే ఆవిడకి ఒళ్ళు మండేది. "నా కొడుకు నాలుక అరువు తెచ్చుకున్నావు గానీ, చెవి తెచ్చుకోలేదే నువ్వు," అనేది.

ఆయన పోయాక ఆ ఇంట్లో ఆ భాష మాట్లాడేవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఒకరంటే ఒకరికి పెద్దగా పడనివాళ్ళు. దినాలైన మర్నాడు అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇంక నేనెవరితో మాట్లాడను?" అంది. ఆ మాట తనని అడుగుతోందో, గోడని అడుగుతోందో ఆమెకి తెలియలేదు. "నాతో మాట్లాడండి అత్తయ్యా," అంది. ముసలావిడ ఆమెని ఎగాదిగా చూసి, "ఇంకేం చేస్తాం!" అని లోపలికి వెళ్ళిపోయింది. అప్పటినుంచీ మాట్లాడుతూనే ఉంది.

బల్ల మీద ఆనాటి కాగితం ఉంది. కిందటి నెల కొత్తగా వచ్చిన ఇంజినీరమ్మ రాసింది. రాసి బల్ల మీద పెట్టి, పెద్దాఫీసులో సమావేశానికి వెళ్ళిపోయిందట. దుబాసమ్మ కళ్ళజోడు తుడుచుకుని మొదలుపెట్టింది. శ్లాబు మీద నీళ్ళు కట్టే సంగతి ఒక వరస, ఇనప చువ్వలు ఎక్కడ దింపాలో మరో వరస. అలవాటైన మాటలే. కలం ఆగకుండా నడిచింది. చివరి వరస దగ్గర ఆగింది.

తూర్పు బే దగ్గరి షోర్‌లు మళ్ళీ చెప్పేవరకు అలాగే ఉండవలెను.

ఆమె మళ్ళీ చదివింది. షోర్ అంటే ఒడ్డు. బడిలో చదివిన పాఠంలో పిల్లలు షోర్ మీద గవ్వలు ఏరుకున్నారు. బే అంటే సముద్రం నేల లోపలికి చొచ్చుకొచ్చిన చోటు. తూర్పు అఖాతపు ఒడ్లు అలాగే ఉండాలా? ఒడ్లు అలాగే ఉండక ఎక్కడికి పోతాయి?

ఫోన్లో ఇంగ్లీషు-పోర్చుగీసు నిఘంటువు తీసి షోర్ అని కొట్టింది. కోస్తా, అని వచ్చింది ముందు: సముద్ర తీరం. దాని కింద ప్రాయా: ఇసుక తీరం. దాని కింద మార్జెఁ: ఏటి గట్టు. అన్నీ తడిసిన మాటలే. ఇటుకా సున్నం అంటిన మాట ఒక్కటీ లేదు. ఫోను పక్కన పెట్టి, కాగితం మీద ముందు కోస్తా అని రాసింది. ఒక ఒడ్డు కాదు, ఒడ్లు అని ఉంది గనక కోస్తస్ అని దిద్దింది. దిద్దాక చూసుకుంటే నవ్వొచ్చింది. కోస్తస్ అంటే పోర్చుగీసులో వీపు కూడాను.

మేస్త్రీ కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు. ఇంత పొట్ట, మెడలో ఈల, చెవి మీద పెన్సిలు. ఆమె మొగుడితో కలిసి గోడలు కట్టినవాడు.

"ఏమంటోంది దుబాసమ్మా, కొత్త దొరసాని?"

ఆమె వరసగా చదివి వినిపించింది. చివరిది కూడా.

"తూర్పు అఖాతపు వీపులా?" మేస్త్రీ పొట్ట కదిలేలా నవ్వాడు. "ఎవరి వీపులమ్మా? మావాళ్ళవా? పొద్దున్నించీ వంగి వంగి అవి ఎప్పుడో పోయాయి."

"వీపులు కాదయ్యా, ఒడ్లు."

"సముద్రం చూడాలంటే రైలెక్కి ఒక పూట కూర్చోవాలి. ఆ ఒడ్డుని మనం ఏం చేస్తామని ఆవిడ భయం?"

ఆమెకీ అర్థం కాలేదు. ఇంజినీరమ్మకి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసినా అంతే. కంపెనీకి సముద్రం పక్కన రేవు కట్టే పని ఒకటుందని విన్నట్టు గుర్తు. ఆ పని తాలూకు వరస పొరపాటున ఈ కాగితంలో కలిసిపోయిందేమో. అంతే అయ్యుంటుంది. ఇంకేమవుతుంది?

"రేవు పనిది ఇందులోకి వచ్చిపడినట్టుంది," అంది.

"సరే అయితే. ఊతల సంగతేమైనా రాసిందా? ఇవాళ తీసేద్దామనుకున్నాం కదా. పై అంతస్తుకి కావాలి, వడ్రంగులు నా ప్రాణం తోడేస్తున్నారు."

పాత ఇంజినీరు ఊతల్ని ఎప్పుడూ ప్రాప్ అనే రాసేవాడు. ఆమె కాగితం పైనుంచి కిందకి ఇంకోసారి వెతికింది. ప్రాప్ అన్న మాట ఎక్కడా లేదు.

"ఊతల గురించి ఏమీ లేదు."

"అయితే పాత మాట ప్రకారమే. ముందు పడమటి వైపు విప్పి, భోజనాలయ్యాక తూర్పు వైపు." మేస్త్రీ వెళ్ళిపోయాడు.

ఆమె మిగతా కాగితాలు ముందు వేసుకుంది. కానీ ఆ వరస పంటి సందులో ఇరుక్కున్న పీచులా వదల్లేదు. రేవు పని వరస అయితే దాని ముందూ వెనకా కూడా రేవు మాటలే ఉండాలిగా? పైన నీళ్ళు, చువ్వలు, కింద ఇంజినీరమ్మ సంతకం. మధ్యలో సముద్రం. కిటికీలోంచి చూసింది. పడమటి వైపు శ్లాబు కింద ఇనప ఊతలు ఒక్కొక్కటే మర విప్పి దించుతున్నారు. ఇనుము ఇనుము మీద పడ్డప్పుడల్లా గంట కొట్టినట్టు మోగుతోంది. ఇంకోసారి ఫోను చేసింది. ఎత్తలేదు. పనిలో ఉన్న మనిషిని ఒడ్డు అంటే ఏమిటి అని ఎన్నిసార్లు అడుగుతాం అనిపించి ఊరుకుంది.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చింది. దర్జీ ఆవిడ తన వంట చూసుకోవడానికి పక్కింటికి వెళ్ళింది. ఆమె కూరగాయల చారు వెచ్చబెట్టి, గిన్నెలో పోసి, మంచం పక్కన కూర్చుంది. అత్తగారు కొంచెం కొంచెంగా తాగుతోంది. ప్రతి చెంచాకీ మధ్య ఊపిరి తీసుకోవడానికి ఆగుతోంది. కానీ కళ్ళు మాత్రం చాలా రోజుల తర్వాత తేటగా ఉన్నాయి.

సగం గిన్నె అయ్యాక ముసలావిడ దిండు మీంచి కిందికి జారిపోయింది. చేత్తో దుప్పటి గీరుతూ అంది: "ఎస్కోరా-మె అస్ కోస్తస్."

నా వీపుకి ఊత పెట్టు.

"అలాగే అత్తయ్యా," అని కోడలు గిన్నె స్టూలు మీద పెట్టి, ఆవిడ చంకల కింద చేతులు పెట్టి పైకి లాగింది. వీపు వెనక ఒక చెయ్యి ఉంచి, రెండో చేత్తో దిండు దూర్చబోయింది. "వీపు బాగా నొప్పిగా ఉందా?"

"నా మాట ఇవాళ సరిగ్గా పలుకుతున్నావే," అంది అత్తగారు. "ఎవరు నేర్పారు?"

"మీ అబ్బాయే."

"వాడికి నేను నేర్పాను," అంది ముసలావిడ.

కోడలి చెయ్యి ఆవిడ వీపు కిందే ఉంది. వెన్నుపూసలు ఒక్కొక్కటే అరచేతికి తగులుతున్నాయి. ఎస్కోరా, కోస్తస్. పొద్దున తను కాగితం మీద రాసిన మాట ఒకటి, దాని పక్కనే ఆ చోట రాయాల్సిన మాట. అలాగే ఉండవలెను. చెయ్యి తీస్తే ఈ వీపు అలాగే ఉండదు. దేన్ని అలాగే ఉంచమంటారు? దేన్ని తీస్తామని భయం? ఆమె దిండు దూర్చి, మెల్లగా చెయ్యి లాక్కుని, ఫోను తీసింది. పొద్దున చూసిన పేజీయే. కోస్తా, ప్రాయా, మార్జెఁ. వేలితో కిందికి తోసింది. ఎవరో రాసిన పద్యం లాంటి ఉదాహరణలు, వాటి కింద ఏదో ప్రకటన. ఇంకా కిందికి తోసింది. అట్టడుగున, చిన్న అక్షరాల్లో, నిర్మాణ రంగం అని ఉంది. దాని ఎదురుగా ఒకే ఒక్క మాట.

ఎస్కోరా.

పొద్దున తను అంతదూరం దిగనేలేదు.

బే అంటే ఏమిటో ఇక చూడక్కర్లేకపోయింది. రెండు వరసల స్తంభాల మధ్య ఖాళీ, అంకణం. తూర్పు అంకణం.

"వదినా!" అని గోడ మీదుగా కేక పెట్టింది. "ఒక్కసారి రా! నేను సైటుకి పోవాలి!" దర్జీ ఆవిడ చేతికంటిన పిండితోనే పరిగెత్తుకొచ్చింది. ఆమె గుమ్మం దాటుతుంటే వెనక అత్తగారు ఏదో అంది. "ఇప్పుడే వచ్చేస్తానత్తయ్యా," అని వెనక్కి చూడకుండానే అరిచింది.

పరిగెత్తడం ఆమెకి ఎప్పుడో మరిచిపోయిన విద్య. మొదటి వీధి మలుపులోనే చెప్పు తెగింది. రెండోదీ వదిలేసింది. పరిగెడుతూనే మేస్త్రీకి ఫోను చేసింది. సైటులో అతను ఫోను పనిముట్ల పెట్టె మీద పెట్టేసి పనిచేస్తాడని తెలుసు, అయినా చేసింది. గేటు దగ్గర కాపలావాడు "ఏమైందమ్మా?" అంటున్నాడు. ఏమైందో ఆమెకే సరిగ్గా తెలియదు. ఇనుము ఇనుము మీద పడ్డ చప్పుడు వినిపించింది, ఈసారి తూర్పు వైపు నుంచి.

"ఆపండి!" అని అరిచింది. కంగారులో ఏ భాషలో అరిచిందో చూసుకోలేదు. మనుషులు తలలు తిప్పారు గానీ చేతులు ఆగలేదు. అప్పుడు పోర్చుగీసులో అరిచింది. "ఎస్కోరాలు! తూర్పు ఎస్కోరాలు తీయకండి!"

మేస్త్రీ ఈల ఊదాడు. అందరూ ఆగారు. ఆ నిశ్శబ్దంలో శ్లాబు లోపలినుంచి చిన్న చప్పుడు వచ్చింది. ఎండిన రొట్టె విరిచినట్టు.

"బయటికి," అన్నాడు మేస్త్రీ. అరవలేదు. మామూలు గొంతుతో అన్నాడు. పనిముట్లు ఎక్కడివి అక్కడ వదిలేసి అందరూ బయటికొచ్చారు. తూర్పు అంకణంలో మధ్య వరస ఊతలు చాలావరకు కింద పడుకుని ఉన్నాయి. పైన శ్లాబు బూడిద రంగులో, అమాయకంగా, ఏమీ ఎరగనట్టు ఉంది.

ఆమె చేతిలో ఫోను మోగింది. ఇంజినీరమ్మ.

"మీ కాల్స్ ఇప్పుడే చూశాను. ఏమిటి సంగతి?" ఇంగ్లీషు.

"మేడమ్, తూర్పు అంకణం... షోర్‌లు... తీసేశారు. అన్నీ కాదు. మధ్యవి."

 ఇంజినీరమ్మ మాట మెల్లగా, ఒక్కో ముక్కా విడివిడిగా వచ్చింది. ఆ శ్లాబుకి పోసిన కాంక్రీటు పరీక్షలో బలం తక్కువ తేలింది. ఇంకా గట్టిపడలేదు. లోపల ఎవరైనా ఉన్నారా? లేరు. సరే. గోడవైపు నుంచి మొదలుపెట్టి మళ్ళీ పెట్టాలి. మధ్యలోకి సూటిగా వెళ్ళకూడదు. ఒక్కో షోర్ కింద పలక వేసి, పైన తగిలేదాకా మర తిప్పి ఆపాలి. బిగించకూడదు. పైకి ఎత్తే ప్రయత్నం చేస్తే ఇంకా పగులుతుంది. తగలాలి, అంతే.

దుబాసమ్మ ఫోను చెవికి ఆనించుకుని, నోటితో అదంతా ఇటు తిప్పింది. షోర్ అన్నప్పుడల్లా ఎస్కోరా అంది. మేస్త్రీ, ఒక ముసలి వడ్రంగి, ఇద్దరే లోపలికి వెళ్ళారు. "తగలాలి, బిగించకూడదు," అంది ఆమె.  ఇంతకు ముందు ఒక మాట తప్పింది, ఇప్పుడు చెబుతున్నవి సరైనవేనా? ఇంజినీరమ్మ చెప్పింది తగలాలనా, తాకకూడదనా? "మళ్ళీ చెప్పండి మేడమ్," అని అడిగింది. పొద్దున్నే నోరు తెరిచి అడగాల్సిన మాట అది. ఇంజినీరమ్మ మళ్ళీ చెప్పింది. ఆమె మళ్ళీ చెప్పింది. ఆ మధ్యలో ఫోన్లో టిక్ టిక్ మని ఇంకెవరిదో కాల్ వస్తున్న చప్పుడు వినిపించింది. తీయలేదు. ఎలా తీస్తుంది? అవతల ఇద్దరు మనుషులు పగిలిన శ్లాబు కింద వంగి, ఆమె నోటి వంక చూస్తున్నారు.

చివరి ఊత మర తిప్పి, వడ్రంగి దాన్ని అరచేత్తో తట్టి చూశాడు. మేస్త్రీ బయటికొచ్చి ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"గట్టెక్కాం అమ్మా," అన్నాడు.

ఆమె అతని ఎదురుగా నిలబడింది. వట్టి పాదాలు దుమ్ము పట్టి ఉన్నాయి. "పొద్దున చెప్పిన ఒడ్లు ఇవేనయ్యా," అంది. "షోర్ అంటే ఊత కూడానట. నాకు తెలియదు."

మేస్త్రీ చాలాసేపు ఆమె మొహం వంక చూశాడు. నవ్వడానికీ తిట్టడానికీ మధ్య ఎక్కడో ఆగిపోయినట్టు. "మీ ఆయన ఉంటే నిన్ను ఏమనేవాడో!" అన్నాడు చివరికి. "ఏమనేవాడు కాదులే. రొట్టెముక్క పెట్టి చూపించేవాడు."

సాయంకాలానికి ఇంజినీరమ్మ వచ్చింది. సన్నటి మనిషి, టోపీ నుదుటి మీదికి జారుతోంది. లైటు వేసి శ్లాబు అడుగు చూసింది. మధ్యలో అడ్డంగా వెంట్రుకంత పగులు. దాని పొడవునా పెన్సిలుతో గీత గీసింది, పెరుగుతుందేమో రేపు చూడాలని. తర్వాత దుబాసమ్మ దగ్గరికి వచ్చింది.

"మీకు ఆ మాట తెలియదా?"

"ఒడ్డుగా తెలుసు మేడమ్."

"నేను చదువుకున్న చోట అందరూ అదే మాట వాడతారు. ఇంకో అర్థం ఉందని నాకు తట్టనే లేదు."

"నాకూ అంతే."

 తప్పు ఎవరి వైపు ఎంత ఉందో ఇద్దరికీ అంతు చిక్కలేదు. "పేజీ చివరిదాకా చూడనిది నేనే," అంది దుబాసమ్మ. "పని తీసేస్తే తీసేయండి. కానీ మేస్త్రీని ఏమీ అనకండి. అతను నా నోటిని నమ్మాడు."

"రేపు మాట్లాడదాం," అంది ఇంజినీరమ్మ. అని, ఆమె కాళ్ళ వంక చూసి, "చెప్పులేవి?" అంది.

ఎండ ఇంకా గోడల మీద ఉండగానే ఆమె ఇంటిదారి పట్టింది. తల లోపల అంతా కలగాపులగంగా ఉంది. ఒడ్డు, ఊత, వీపు, గట్టు. ఒక్క మాటకి ఇన్ని ఎందుకు అంటగట్టారో ఈ మనుషులు. అత్తగారికి చెప్పాలనుకుంది ఈ సంగతి. అర్థమవుతుందో లేదో గానీ, "నీ చెవి ఎప్పుడూ అంతే," అని ఒక్క మాట అంటుంది. అనిపించుకోవాలని ఉంది ఆమెకి.

దర్జీ ఆవిడ గుమ్మం బయటే నిలబడి ఉంది. చేతిలో కుట్టుపని లేదు.

"నీకు ఫోను చేశాను వదినా. మాట్లాడుతున్నావు, ఎత్తలేదు."

ఆమె లోపలికి వెళ్ళింది. ముసలావిడ, తను దూర్చి వెళ్ళిన దిండుకి అలాగే ఆనుకుని ఉంది. కళ్ళు మూసి ఉన్నాయి, ఎవరు మూశారో. నోరు కొంచెం తెరిచి ఉంది. ఆమె వంగి నుదుటి మీద చెయ్యి వేసింది. తీసి, మళ్ళీ వేసింది.

"నిద్రపోయిందనే అనుకున్నాను," అంది దర్జీ ఆవిడ వెనకనుంచి. ఏడుస్తోంది. "ఏ బాధా పడలేదు వదినా. నువ్వు వెళ్ళాక కాసేపు బాగానే ఉంది. ఏదో అడిగింది. నాకేం తెలుసు? నీళ్ళిచ్చాను, వద్దంది. దుప్పటి కప్పాను, తోసేసింది. మా ఇంట్లో ఆపిల్ ఉంటే కోసుకొచ్చి ముక్క చేతికిచ్చాను. తర్వాత నీకు ఫోను చేశాను, ఏమంటోందో నువ్వైనా చెబుతావని."

"ఏమంది?"

"ఒకటే మాట. రెండు మూడుసార్లు అంది. 'మై' అంది."

"మై?"

"మై. చివర్లో సన్నగా స్ అన్నట్టుంది. ఊపిరేమో మరి."

కోడలు మంచం అంచున కూర్చుంది. మైఁ అంటే అమ్మ. మైస్ అంటే ఇంకా, ఇంకొంచెం. మధ్యాహ్నం సగం గిన్నెలో తను వదిలేసి వెళ్ళిన చారు గుర్తొచ్చింది.

"స్ ఉందా, లేదా? సరిగ్గా గుర్తు తెచ్చుకో వదినా."

దర్జీ ఆవిడ కళ్ళు మూసుకుని, పెదవులు కదిపి, తనలో తను అనుకుని చూసింది. మై. మైస్. మై. "ఏమో వదినా. ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. నేను ఊఁ కొట్టాను. నువ్వు కొట్టమన్నావుగా."

"ఎటు చూస్తూ అంది? నీ వంకా? తలుపు వంకా?"

"ఎటూ చూడలేదు."

"ఆపిల్ ఇవ్వకముందా, ఇచ్చాకా?"

"ముందూ అంది. తర్వాతా అన్నట్టే ఉంది." దర్జీ ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అసలు ఆ మాటకి అర్థమేంటి వదినా?"

  బయట వీధిలో ఎవరో ఎవరినో భోజనానికి పిలుస్తున్నారు. అత్తగారి చెయ్యి దుప్పటి మీద వెల్లకిలా తెరుచుకుని ఉంది. ఆమె దాన్ని మెల్లగా మూసి తన చేతిలో పెట్టుకుంది.

మంచం పక్కన స్టూలు మీద, ఒక సాసర్లో, ఆపిల్ ముక్క అంచులు గోధుమరంగు తిరిగి ఉంది. ఒక మూల చిన్నగా కొరికి ఉంది.